కొంగల అత్తిల్లు చూసొచ్చిన మా మేనత్త

మా మేనత్త పోయింది. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుండగా ఫోను వచ్చింది. ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి, అత్త తోడికోడలు. "పాపా, అక్క పాయె. పొద్దున కాఫీ తాగి గోడకు ఆనుకొని కూర్చునింది. అట్లే పాయె" అంది. నేను ఇంకేదో అడగబోయేలోపే, "మీ నాయనకు నువ్వే చెప్పుకో. నేను చెప్పను" అని పెట్టేసింది. పెనుకొండలో మా బడి వరండాలో నిలబడి నాయనకు ఫోను చేశాను. ఫోన్లో ఆయన అంగడి షట్టరు దించుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత "బండి తీసుకొని వస్తాండా, రెడీగా ఉండు" అన్నాడు.

కర్మలన్నీ అయిపోయాక హిందూపురంలో మా ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. "అదృష్టవంతురాలు లేమ్మా. మన పక్క ఎంతమంది ఆడోళ్ళు సముద్రం చూసినారు? తమ్ముడు కాటేజీ బుక్ చేసి మరీ చూపిచ్చె. అట్లాంటి తమ్ముడు ఎవురికుండాడు?" నాయన తల వంచుకొని వినేవాడు. కాదని ఒక్కరికీ చెప్పలేదు. కాఫీ గ్లాసులు అందిస్తూ నేనూ నోరు కట్టేసుకున్నాను, ఇంటికొచ్చినవాళ్ళ ముందు పంచాయతీ ఎందుకని. కానీ ఆ సముద్రం సంగతి చెప్పకుండా మా అత్త గురించి ఎవరు ఎంత మంచి చెప్పినా అది అబద్ధమే అవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, మీరు తడుముకోనక్కర్లేదు. ఆ ప్రయాణం అత్తకు సముద్రం చూపించడానికి కాదు. ఆమె ఇంట్లో లేని సమయం చూసి, దొడ్లోని చింతచెట్లు కొట్టించడానికి.

చింతచెట్లకు ఇంత ఏడుపా అనుకుంటారేమో. మా ఊరివాళ్ళు మాత్రం అనుకోరు.

మా ఊరు చిలమత్తూరు దగ్గర. కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరం. ప్రతి ఏడూ చలి కాస్త తగ్గే వేళకు మా ఊరికి ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. పెద్ద పక్షులు, మనిషి నడుము ఎత్తు ఉంటాయి. పసుపుపచ్చటి పొడుగాటి ముక్కు, తెల్లటి ఒళ్ళు, తోక దగ్గర గులాబి రంగు ఈకలు. ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలు గట్టిపడ్డాక వానల్లో పిల్లలతో సహా వెళ్ళిపోతాయి. మా ఊళ్ళో వాటిని పక్షులని అనరు. పురిటికొచ్చిన ఆడబిడ్డలంటారు. అవి వచ్చినాయంటే ఊళ్ళో పటాకుల మోత ఉండదు. గూళ్ళున్న చెట్ల చింతకాయ ఎవరూ రాల్చరు, చెట్టుమీదే ఎండి రాలిపోయినా సరే. ఇప్పటి కుర్రవాళ్ళు కూడా ఆ చెట్ల కింద బైకు ఆపి హారన్ కొట్టరు.

మా ఇంటి వెనక దొడ్లో రెండు చింతచెట్లుండేవి. ఊరంతటికీ ఎక్కువ గూళ్ళు వాటిమీదే. ఆ చెట్ల కింద రాజ్యం మా అత్తది.

అత్తను చిన్నతనంలోనే ముదిగుబ్బ పక్క పల్లెకు ఇచ్చారు. కొన్నేళ్ళకే మామ జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. మా తాత పోయి ఆమెను వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ వెంటనే మా అవ్వ పోయింది. అప్పటికి మా నాయన ఇంకా అన్నం కలిపి పెడితే తినే పిల్లవాడు. అత్త ఆయనకు అక్క కాదు, తల్లే. మళ్ళీ పెళ్ళి చేస్తామని ఒకరిద్దరు వస్తే, "నేను పోతే మా చిన్నోనికి ఎవురు సంగటి కెలికి పెడతారు?" అని పంపించేసిందట. చివరిదాకా ఆయన్ను 'చిన్నోడా' అనే పిలిచింది. చివరిదాకా అంటే, ఆ చెట్లు కొట్టేదాకా.

కొంగలొచ్చే ముందు ఆమె దొడ్డంతా ఊడ్చి కల్లాపి చల్లేది. మొదటి కొంగ వాలిన రోజు ముగ్గు వేసేది. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో గట్టిగా మాట్లాడితే ఒప్పుకునేది కాదు. "ఇంట్లో బాలింతలుండారు. మెల్లగా మాట్లాడండి" అనేది. మేం పిల్లలం కొట్టుకున్నా గుసగుసగా కొట్టుకోవాల్సిందే. నాకు ఇప్పటికీ కోపమొస్తే గొంతు తగ్గుతుంది. మా బడిలో పిల్లలు దానికే ఎక్కువ భయపడతారు.

దొడ్డంతా నీచు వాసన. ఆరేసిన బట్టల మీద రెట్టలు. మా అమ్మ పండక్కి ఊరికొచ్చిన ప్రతిసారీ ముక్కు మూసుకొని, "ఏందొదినా, ఈ కంపులో ఎట్ల తింటావు అన్నం?" అనేది. అత్త నవ్వేది. "పసిబిడ్డలుండే ఇల్లు కంపు కొట్టకుంటే ఏం కొడ్తాది మే? నీ కూతురు చిన్నప్పుడు మల్లెపూల మాదిరి ఉండిందా?" అనేది. 

గూట్లోంచి పిల్ల పడితే అత్తకు పండగా, బాధా రెండూ. గంపలో పెట్టి, చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్ళను బతిమాలి చిన్న చేపలు తెచ్చి నోట్లో పెట్టేది. తాను మాత్రం చేపలు తినడం ఎప్పుడో మానేసింది. కొన్ని పిల్లలు బతికేవి, కొన్ని చచ్చేవి. చచ్చినవాటిని దొడ్లోనే పూడ్చి ఆ పూట ఆమె తినేది కాదు. మా నాయన చిన్నప్పుడు ఒక పిల్లను మళ్ళీ గూట్లో పెట్టడానికి చెట్టెక్కి, కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. అత్త ఆయన్ను వీపున మోసుకొని హిందూపురం బస్సు దాకా పరిగెత్తిందట. ఆ చెయ్యి ఇప్పటికీ మోచేతి దగ్గర కాస్త వంకర. ఆ వంకర చేత్తోనే కూలీలకు ఏ చెట్టు ముందు కొట్టాలో చూపించి ఉంటాడు. ఈ మాట రాయకూడదేమో. రాశాను.

నా పెళ్ళి కూడా కొంగలున్న కాలంలోనే జరిగింది. హిందూపురంలో కల్యాణమండపంలో బ్యాండు మోగింది. మరుసటి రోజు ఊరికి వచ్చినప్పుడు మాత్రం ఊరి బయటే బ్యాండు ఆపేసి, నేనూ మా ఆయనా చెప్పులు చేత పట్టుకున్నంత నిశ్శబ్దంగా ఇంట్లోకి నడిచాం. మా ఆయన తరఫు చుట్టాలు, మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగారు. మా నాయనే వాళ్ళకు గొప్పగా చెప్పాడు. "మా ఇంట్లో ఆడబిడ్డలు పురిటికొచ్చి ఉండారప్పా" అని. అవును, ఆయనే.

అత్తకు జీవితంలో ఒకే ఒక కోరిక. ఆ కొంగలు మన ఊరినుంచి పోయి ఎక్కడుంటాయో చూడాలని. "బిడ్డనిచ్చినాక ఆ ఇల్లు ఎట్లుండాదో చూడకుండా ఎవురైనా ఉంటారా? నీళ్ళుండాయో లేవో, తిండి పెడ్తాండారో లేదో" అనేది. ఫోటోలు తీసుకోవడానికి బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన, కొన్ని కొంగలు నెల్లూరు వైపు పులికాట్ సరస్సు దగ్గరికి పోతాయి కావచ్చు అన్నాడు. అత్త ఆ 'కావచ్చు'ను వదిలేసి తక్కిందంతా పట్టుకుంది. ఇక మా కొంగల అత్తిల్లు పులికాట్ అని ఖాయమైపోయింది. "సముద్రం పక్కన ఇచ్చినాం" అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేది. బాగా ఉన్నవాళ్ళ ఇంటికి ఇచ్చిన గర్వం ఉండేది ఆ మాటలో.

తాత తర్వాత ఇల్లూ దొడ్డీ నాయన పేరున పడ్డాయి. అత్త ఏమీ అడగలేదు. అడగాలని ఆమెకు తోచలేదు. నాయన హిందూపురంలో సిమెంటు, ఇనుము అంగడి పెట్టి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఊళ్ళో ఇంట్లో అత్త ఒక్కతే ఉండేది. మూడేళ్ళ కింద మా ఊరి చుట్టూ ప్లాట్లు వేయడం మొదలైంది. మా దొడ్డి, దాని వెనక చేను కలిపి లేఅవుటు వేద్దామని ఎవరో నాయన దగ్గరికి వచ్చారు. ఒకసారి భోజనాల దగ్గర ఆయన ఆ మాట ఎత్తితే, అత్త గరిటె పళ్ళెంలో పెట్టి, "నేను పోయినాక ఏమన్నా చేసుకో చిన్నోడా. నేనుండగా వాళ్ళను బయటికి తోలాకు" అంది. నాయన సరేనన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన సరేనన్నాడు.

ఆ ఏడు కార్తీకమాసంలో ఆయనే పెనుకొండకు వచ్చాడు. "మీ అత్తకు ఎన్నాళ్ళనుంచో ఉండాది కదా సముద్రం ఆశ. కాటేజీ మాట్లాడినా. పక్కనే పక్షులు చూపించే మనిషి కూడా ఉండాడంట. నువ్వు బడికి సెలవు పెట్టి తోడు పో" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. మా నాయన ఇట్లాంటివి తలుచుకునే మనిషి కాదు, ముసలితనంలో మెత్తబడ్డాడు అనుకున్నాను. అత్త అయితే ఊరంతా తిరిగి చెప్పింది. "మా చిన్నోడు నన్ను సముద్రానికి పంపిస్తాండాడు" అని గడపగడపకూ. ఆ గడపల్లో కొందరికి అప్పటికే అసలు సంగతి తెలుసని తర్వాత తెలిసింది. పటాకులు కాల్చనివ్వని ఆ పెద్దమనుషులు, మంచిదమ్మా పోయిరా అన్నారు.

ధర్మవరంలో రైలెక్కాం. ముదిగుబ్బలో ఆగినప్పుడు అత్త కిటికీలోంచి ఒకసారి చూసి, "ఈడే దిగి పోతాంటిమి మా అత్తోళ్ళ ఊరికి" అని తల లోపలికి తీసుకుంది. తిరుపతిలో దిగి కారులో పోయాం. సరుగుడు తోపుల మధ్య, తాటాకు కప్పిన కాటేజీ. లోపల మాత్రం ఏసీ, అద్దాల తలుపులు. అద్దంలోంచి సముద్రం కనిపిస్తుంది. అత్త సముద్రాన్ని చూసి నేననుకున్నంత ఆశ్చర్యపోలేదు. "బో నీళ్ళుండాయి" అంది తృప్తిగా. బిడ్డకు నీళ్ళ కరువు లేదని రూఢి చేసుకున్నట్టు.

ఆ పల్లె కొత్త, ఆ సముద్రం కొత్త. ఆమె అలవాట్లు మాత్రం పాతవే. పొద్దున్నే లేచి సరుగుడు కొమ్మలు విరిచి కట్టకట్టి కాటేజీ ముందు ఊడ్చేసింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "అమ్మా, మీరు గెస్టులు" అంటే, "ఏమప్పా, గెస్టులైతే గలీజులో కూర్చోవాలనా?" అంది. అతను నవ్వుతూ చీపురు ఆమెకే వదిలేశాడు. మధ్యాహ్నం చేపల కూర తెచ్చారు. అక్కడ అదే గొప్ప. అత్త గిన్నె మీద మూత పెట్టి నావైపు తోసింది. "మన పిల్లోళ్ళ కూడు మనమేంటికి తినేది? నువ్వు తిను కావాలంటే" అంది. నేనూ తినలేకపోయాను. ఇద్దరం పప్పన్నం తిన్నాం.

పక్షులు చూపించే ఆయన మమ్మల్ని సరస్సు అంచుకు తీసుకుపోయాడు. దూరంగా గూడబాతులు, రాజహంసలు, పేర్లు తెలియనివి ఇంకెన్నో. నాకైతే కళ్ళు చాల్లేదు. అత్త ఒక్కదాన్నీ పట్టించుకోలేదు. ఊరిజనంలో మనవాళ్ళను వెతుక్కునే మనిషిలాగా చూపు తిప్పుతూ తిప్పుతూ ఒక దగ్గర ఆగింది. మోకాలిలోతు నీళ్ళలో ఎర్రకాళ్ళ కొంగలు, ముక్కులు నీళ్ళలో పెట్టి నడుస్తున్నాయి. ఆయన బైనాక్యులర్స్ ఇవ్వబోయాడు. "నా బిడ్డల్ని నేనే ఇట్ల దొంగతనంగా చూసేదేందప్పా" అని తీసుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి బురదలోకి దిగింది. ఆయన వద్దమ్మా వద్దమ్మా అంటూనే ఉన్నాడు.

అప్పుడు ఆమె కొంగులోంచి మూట విప్పింది. బియ్యం, పసుపుకొమ్ములు, తమలపాకులు, ఎండుకొబ్బరి చిప్ప. ఒడిబియ్యం. ఇంటినుంచే కట్టుకొని వచ్చిందని నాకూ తెలియదు. ఆడబిడ్డను చూడబోయేవాళ్ళు ఉత్త చేతులతో పోరు కదా. గట్టుమీద తమలపాకులు పరిచి వాటిమీద బియ్యం పోస్తుంటే ఆయన కంగారుపడ్డాడు. "అమ్మా, ఇక్కడ పక్షులకు ఏమీ వేయకూడదు. ఇవి బియ్యం తినవు కూడా" అన్నాడు. అత్త ఆయనవైపు జాలిగా చూసింది. "తినేకి కాదప్పా. ఒడి నింపేకి" అంది. ఆయనా పల్లెటూరి మనిషే. పక్కకు పోయి నిలబడ్డాడు. అత్త కొంగలవైపు చూసి, గొంతు బాగా తగ్గించి, "చలి తగ్గుతూనే వచ్చేయండి. అంతా ఊడ్చి పెట్టింటా" అంది.

ఆ రోజే చెట్లు పడ్డాయి. తర్వాత లెక్క చూసుకుంటే అదే రోజని తేలింది. ఆమె వాటిని ఇంటికి రమ్మని పిలుస్తున్నప్పుడు ఇంటి దగ్గర రంపం పనిలో ఉంది.

నాయన రోజూ ఫోను చేసేవాడు. "అత్త బాగుండాదా? తొందరేం లేదు, ఇంకొంచెం చూపించు. కాటేజీ వాళ్ళతో నేను మాట్లాడతా" అనేవాడు. ఎంత ప్రేమ అనుకునేదాన్ని. వేర్లు పెకలించి, గుంటలు పూడ్చి, నేల చదును చేయడానికి ఇంకొంచెం సమయం కావాల్సి వచ్చిందన్నమాట.

తిరిగొచ్చినప్పుడు నాయన ధర్మవరం స్టేషనుకే కారు తెచ్చాడు. నేరుగా ఊరికి పోదామని అత్త అంటే, అమ్మ ఓళిగలు చేసిందని హిందూపురం తీసుకుపోయాడు. అత్త ఓళిగ తింటూ కొంగల ముచ్చట్లు చెప్తూనే ఉంది. అమ్మ ఆమె మొహంలోకి చూడకుండా నెయ్యి వేస్తూనే ఉంది. నాకు అప్పుడైనా అనుమానం రావాల్సింది అని మీరు అనవచ్చు. కన్నతండ్రి మీద ఎవరికి వస్తుందండీ అనుమానం?

సాయంత్రం ఊరికి చేరాం. అత్త తాళం తీసి, చేతిసంచీ వంటింట్లో పెట్టడానికి పోయింది. ఆ వంటిల్లు చింతచెట్ల నీడలో పట్టపగలు కూడా చీకటిగా ఉండేది. లోపలికి పోయినామె అక్కడే నిలబడిపోయింది. వంటింటి నిండా ఎండ. పొయ్యి మీద, గోడల మీద, ఎన్నడూ చూడని ఎండ. వెనక తలుపు తీసింది. దొడ్డి లేదు. ఎర్రమట్టి చదును, దానిమీద తెల్లసున్నంతో గీసిన గీతలు, సిమెంటు రాళ్ళు. అత్త తలుపు పట్టుకొని వెనక్కి తిరిగింది. నాయన్ను అడిగింది: "ఇది ఎవురిల్లు? ఎవురింటికి తెస్తివి నన్ను?"

నాయన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "గూళ్ళు ఖాళీగా ఉన్నప్పుడే కొట్టించినా కదక్కా. ఒక్క గుడ్డు కూడా పోలేదు. ఊళ్ళో చెట్లకేం తక్కువ? వాటికి రెక్కలుండాయి, యాడైనా కట్టుకుంటాయి. నిన్ను ఏడిపించకూడదనే కదా పంపించింది. నీ ఆశా తీరె, నా పనీ అయిపాయె." ఆయన నిజంగానే అట్లా అనుకున్నాడు. ఇద్దరికీ మేలే చేశానని అనుకున్నాడు. నేను, "నన్ను కూడా అడ్డం పెట్టుకున్నావు కదా నాయనా" అని అరిచాను. జీవితంలో మొదటిసారి ఆ ఇంట్లో గట్టిగా అరిచాను. అత్త ఈసారి మెల్లగా మాట్లాడమని అనలేదు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఊరిపెద్దలు వచ్చి, అయిందేదో అయిపోయింది, పెద్దమనసు చేసుకోమని చెప్తే వింది. వాళ్ళకు కాఫీ కూడా పెట్టింది. కొన్ని రోజులకు నాకు ఫోను చేసి, "పాపా, నేను ముదిగుబ్బ పక్కకు పోతాండా. మా అత్తోళ్ళింటికి" అంది. యాభై ఏళ్ళు దాటింది ఆమె ఆ గడప దొక్కి. నేను పెనుకొండకు వచ్చి మాతో ఉండమని బతిమాలాను. "నీది మీ ఆయన ఇల్లు. నాకు మా ఆయన ఇల్లు ఉండాది కదా, సగం గోడైనా" అంది. ఇక్కడే ఉండి నాయన మీద పోట్లాడమన్నాను. దానికి ఆమె అన్నది నేను మర్చిపోలేను. "ఇంకొన్నాళ్ళకు వాళ్ళొచ్చేస్తారు పాపా. చెట్టు లేకపాయెనే అని ఇంటిమీద తిరుగుతారు. నేనే కదా రమ్మని చెప్పొచ్చింది. ఏ మొగం పెట్టుకొని చూసేది? వాళ్ళొచ్చేలోపల పోవాల నేను."

పోయింది. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప. మరిది లేడు, ఎప్పుడో పోయాడు. తోడికోడలు ఒక్కతే ఉంది. ఆమె ఒక్క మాట కూడా అడగకుండా వసారాలో మంచం వేసింది. అంత గౌరవం మా వైపు వాళ్ళం చూపించలేకపోయాం. కొంగలు వచ్చాయని, రెండు రోజులు మా ఇంటిమీద చుట్టూ తిరిగి తర్వాత వేరే చెట్లమీదికి పోయాయని ఊరివాళ్ళు నాకు చెప్పారు. నేను అత్తకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

నేను నెలకోసారి పోయేదాన్ని, పెనుకొండ నుంచి ధర్మవరం, అక్కడ బస్సు మారి ముదిగుబ్బ. తోడికోడళ్ళిద్దరూ వసారాలో కూర్చొని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తుండేవాళ్ళు. అత్త నాకు సంగటిలోకి ఊరిబిండి పచ్చడి నూరి పెట్టేది, బడి సంగతులు అడిగేది. బాగానే నవ్వేది. కానీ ఊడ్చేది కాదు. ఆమె ఉన్న ఇంట్లో ఇంకొకరు వాకిలి ఊడ్వడం నేను అక్కడే చూశాను. అడిగితే, "ఎవురొస్తారని?" అంది.

నాయన ఒకే ఒకసారి పోయాడు. యాపిల్ పండ్లు, హార్లిక్స్ తీసుకొని, నన్ను వెంటబెట్టుకొని. అత్త లేచి మంచం చూపించింది. "రాప్పా, కూర్చో. బాగుండావా? ఇంట్లో అంతా బాగుండారా?" అంది. దావన పోయే మనిషిని పలకరించినట్టు. నాయన ఆమె నోట 'అప్పా' అనిపించుకోవడం అదే మొదలు. ఇంకా ఏదైనా అంటుందేమో అని ఆయన చాలాసేపు కూర్చున్నాడు. ఆమె మజ్జిగ ఇచ్చింది, వానల గురించి మాట్లాడింది, వెళ్ళొస్తానంటే "పోయిరాప్పా" అంది. కారులో పెనుకొండ దాకా ఆయన, "చిన్నోడా అనలేదు చూడు. ఒక్కసారన్నా అనలేదు" అని తనలో తాను అనుకుంటూనే ఉన్నాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పుడూ కలగడం లేదు, కలగాలని చూస్తున్నాను.

అత్త పోయినరోజు సంగతి చెప్పి ముగిస్తాను. నాయన కారులో వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. ధర్మవరంలో ఆపి చీరలంగడికి పోదామన్నాడు. మీకు తెలిసిందే, ఆడమనిషి పోతే ఆఖరున ఒంటిమీద కప్పేది పుట్టింటి చీర. అది తమ్ముడి పని. అంగట్లో కుర్రాడు నవ్వుమొహంతో పరుపుమీద కూర్చోబెట్టి, "పెళ్ళికా సార్?" అన్నాడు. నాయన, "మా అక్కకు" అన్నాడు. "అక్కకైతే ఇది చూడండి సార్, కొత్తగా వచ్చింది, ఒంటికి మెత్తగా ఉంటాది" అంటూ ఆ కుర్రాడు ఒక్కొక్కటే విప్పి తన భుజం మీద వేసుకొని చూపిస్తున్నాడు. నాయన అన్నీ చూశాడు. అంచు పట్టుకొని, పోగు తడిమి, ఆరెంజి రంగు ఆమెకు నచ్చదని పక్కన పెట్టించి, బాగా వెతికి మెరూన్ రంగుది తీసుకున్నాడు. బతికుండగా ఆమెకు ఒక్క చీరైనా అంత ఓపికగా కొన్నాడో లేదో నాకు తెలియదు.

మేం పోయేసరికి అత్తకు స్నానం చేయించారు. ఆడవాళ్ళు చుట్టూ ఉన్నారు. నాయన కవరులోంచి చీర తీసి రెండు చేతులతో పట్టుకొని ముందుకొచ్చాడు. తోడికోడలు లేచి అడ్డం నిలబడింది. కోపంగా కాదు. "అన్నా, ఏమనుకోవాకు. అక్క నాతో ఒట్టు పెట్టించుకునింది. పుట్టింటి చీర వద్దంట. నాకు పుట్టిల్లు లేదు, ఎవురన్నా తెస్తే తిప్పి పంపించు అనింది" అంది.  ఒక ముసలామె, "అట్లెట్ల మే, ఆచారం కదా" అని గొణిగింది. నాయన నావైపు చూశాడు. నేను చెప్తే వింటారని ఆశ. నేను కూతుర్ని, మేనకోడల్ని, ఇద్దరి తరఫునా మాట్లాడగల మనిషిని నేనొక్కదాన్నే. "అత్త చెప్పినట్టే చేయండి" అన్నాను.

తోడికోడలు లోపలికి పోయి తన పెట్టెలోంచి ఉతికిన నూలుచీర తెచ్చి కప్పింది. ఆకుపచ్చది, అంచు దగ్గర కుట్టేసింది. నాయన గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలో, విప్పిన పట్టుచీరను ఒళ్ళో పెట్టుకొని, మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు. అంతా అయ్యేదాకా అట్లే ఉన్నాడు.

ఆ చీరను ఇప్పుడు ఏం చేయాలో ఎవరికీ తెలియడం లేదు. చావుకు కొన్నది కాబట్టి ఎవరూ కట్టుకోరు. ఎవరికీ ఇవ్వకూడదు. చావుచీరను అంగడివాడు వెనక్కి తీసుకోడు. కాల్చేద్దామంటే, దాన్ని కప్పుకొని కాలవలసిన మనిషే వద్దంది. మా అమ్మ ఇంటి గడప దాటనివ్వలేదు. అందుకని అది కారులోనే ఉంది. మొన్న నేను హిందూపురం నుంచి వచ్చేస్తుంటే నాయన బస్టాండులో దింపుతానని కారు తీశాడు. ముందు సీట్లో ఆ కవరుంది. నేను తలుపు తీసి నిలబడితే, ఆయన దాన్ని జాగ్రత్తగా తీసి తన ఒళ్ళో పెట్టుకొని, నన్ను కూర్చోమన్నాడు. స్టీరింగు తిప్పినప్పుడల్లా కవరు జారిపోబోతుంటే, ఆ వంకర చేత్తో దగ్గరికి లాక్కుంటూ బస్టాండు దాకా నడిపాడు.